ఆ వాసన పడదు

వంకాయ పడదంటే మన ఇళ్లలో ఎవరూ వాదించరు. వడ్డిస్తున్న చెయ్యి అక్కడే ఆగుతుంది. ‘అయ్యో, ముందే చెప్తే ఇంకేదైనా చేసేదాన్ని కదమ్మా’ అంటూ ఇంకో గరిటె పప్పు వేస్తారు. ఎంత తింటే దురద పుడుతుంది, డాక్టరు రాసిచ్చాడా అని అడిగేవాళ్లుండరు. పాలు పడనివాళ్లు, ఊరు మారితే నీళ్లు పడనివాళ్లు, మంచుగాలి పడనివాళ్లు ప్రతి చుట్టరికంలోనూ ఉంటారు. వాళ్లందరికీ ‘పడదు’ అన్న ఒక్క మాట చాలు. అదే మనిషి ‘ఈ సెంటు వాసన నాకు పడదు’ అంటే మాత్రం ఆ మాటకు విలువ ఉండదు. మంచి వాసనే కదా అంటారు. అలవాటైతే అదే సర్దుకుంటుందంటారు. చాటున, మరీ నాజూకు అనుకుంటారు. ఈ తేడా అన్యాయం. వంకాయ పడనివాళ్లు విస్తట్లో దాన్ని ఓ పక్కకు నెట్టేయగలరు. గాలిని పక్కకు నెట్టడం ఎవరి వల్లా కాదు. తిండి విషయంలో ఆ మాటను ఎంత నమ్ముతామో వాసన విషయంలోనూ అంత నమ్మాలి. నమ్మడానికి కావలసినంత ఆధారం ఇప్పటికే ఉంది.

చర్మం సంగతి అన్నిటికన్నా స్పష్టంగా తేలింది. చర్మవైద్యులు ప్యాచ్ టెస్ట్ అని ఒకటి చేస్తారు. గుండీలంత చిన్న గిన్నెల్లో తలా ఒక పదార్థం పెట్టి, వాటిని వీపు మీద వరసగా ప్లాస్టరుతో అంటిస్తారు. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టే పనులు చేయకూడదు. 48 గంటలకు పట్టీలు తీసి చూస్తారు, మరో రోజో రెండ్రోజులో ఆగి మళ్లీ చూస్తారు. పడని పదార్థం ఉన్నచోట సరిగ్గా ఆ గుండీ మేరకే చర్మం ఎర్రగా ఉబ్బి, సన్నటి పొక్కులు లేస్తాయి. పక్క గుండీ కింద ఏమీ ఉండదు. ఈ పరీక్షకు వాడే ప్రామాణిక వరసలో సుగంధ పదార్థాల మిశ్రమాలు ఎప్పుడూ ఉంటాయి, ఎందుకంటే తరచుగా బయటపడే అలర్జీల్లో అవీ ఉన్నాయి. ఇంకో విశేషం చెప్పాలి. సబ్బుల్లో, షాంపూల్లో విరివిగా కలిపే లినలూల్, లిమొనీన్ తాజాగా ఉన్నంతకాలం చర్మాన్ని పెద్దగా బాధించవు. గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. అలర్జీ తెప్పించేది ప్రధానంగా అవే. కొన్న కొత్తలో హాయిగా ఉన్న క్రీము నెలల తర్వాత దద్దుర్లు తెస్తోందని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం. ఇలాంటి అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని పోగొట్టే మందు లేదు, ఆ పదార్థానికి దూరంగా ఉండటమే మార్గం.

ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల విషయం ఇంత సూటిగా తేలదు. అక్కడ ఎక్కువమందిలో జరిగేది అసలైన అలర్జీ కాదు, నాడులు రేగడం. వాసనను పట్టే నాడి ఒకటైతే, మంటనూ ఘాటునూ పట్టే నాడులు వేరు. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇంటిల్లిపాదీ దగ్గేది ఈ రెండో రకం నాడుల వల్ల. కొందరిలో ఇవి మిగతావాళ్లలో కన్నా చాలా తొందరగా రేగుతాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఎవా మిల్‌క్విస్ట్ అనే పరిశోధకురాలు దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. సెంటు తగిలితే దగ్గు వస్తుంది, ఊపిరాడదు అనేవాళ్ల చేత మిరపకాయలోని ఘాటు పదార్థమైన క్యాప్సైసిన్‌ను కొలత ప్రకారం పీల్పిస్తే, వాళ్లు ఇతరుల కన్నా చాలా ఎక్కువగా దగ్గారు. 1996లో ప్రచురించిన మరో ప్రయోగంలో ముక్కుకు క్లిప్పు పెట్టి, వాసన తెలియకుండా చేసి సెంటు పీల్పించారు. అయినా లక్షణాలు వచ్చాయి. సెంటు కలపని ఉత్తుత్తి మోతాదుకు రాలేదు. ఇక ఆస్తమా ఉన్నవాళ్లకు ఘాటైన వాసనలు ఆయాసం తెప్పిస్తాయని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. మన దేశంలో ఆస్తమా ఉన్నవాళ్లు సుమారు 3.4 కోట్లమందని అంచనా. మైగ్రేన్ తలనొప్పి ఉన్నవాళ్లలోనూ చాలామందికి సెంటు వాసనతో నొప్పి మొదలవుతుంది, లేదా నొప్పి వచ్చిందంటే ఏ వాసనా భరించలేరు.

ఇదంతా మనసు చేసే మాయ అనేవాళ్ల వాదనకూ కొంత బలం ఉంది, దాచడం సరికాదు. రకరకాల రసాయనాలు పడవని చెప్పేవాళ్లను, ఏది అసలో ఏది ఉత్తుత్తిదో తెలియకుండా పరీక్షించినప్పుడు, చాలామంది ఆ రెంటికీ తేడా చూపలేకపోయారని 2006లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అంటే ‘ఇది నాకు పడదు’ అన్న భయం కూడా లక్షణాలు తెప్పించగలదు. అయితే భయం ఒంట్లో ఏం చేస్తుందో కూడా చూడాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మోనెల్ కేంద్రంలో పమేలా డాల్టన్, ఆమె సహపరిశోధకురాలు కలిసి ఆస్తమా ఉన్నవాళ్లకు గులాబీ వాసన ఒకటి పీల్పించారు. ఇది ఆస్తమాకు చెడ్డదని కొందరికి, మేలు చేస్తుందని మరికొందరికి చెప్పారు. వాసన ఒక్కటే. చెడ్డదని విన్నవాళ్ల శ్వాసనాళాల్లో వాపు సూచిక పెరిగింది, మర్నాటికి కూడా తగ్గలేదు. 2014లో వచ్చిన ఈ ఫలితాన్ని చూపించి ‘చూశారా, అంతా మనసులోనే’ అనడం తేలిక. కానీ పెరిగిన వాపు ఊపిరితిత్తుల్లోనే ఉంది, యంత్రం కొలిచింది. ఎదురుగా ఉన్న మనిషి నిజంగానే ఆయాసపడుతున్నప్పుడు, అది నాడి నుంచి మొదలైందా భయం నుంచి మొదలైందా అన్నది ఆ మనిషి డాక్టరు తేల్చుకోవలసిన ప్రశ్న. పక్క సీట్లో ఉన్నవాళ్లు చేయవలసిన పని రెండు సందర్భాల్లోనూ ఒకటే. పైగా ఎవరూ నమ్మకపోవడం వల్ల భయం తగ్గదు, పెరుగుతుంది.

ఎంతమందికి ఈ బాధ? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన యాన్ స్టైన్‌మన్ అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, స్వీడన్‌లలో సర్వేలు చేయించారు. సువాసన ఉన్న వస్తువుల వల్ల ఏదో ఒక ఇబ్బంది కలిగిందన్నవాళ్లు ఆ నాలుగు దేశాల సగటున 32 శాతం. ఇది జనం చెప్పుకున్న లెక్కే తప్ప డాక్టర్లు నిర్ధారించింది కాదు. ఒక్కసారి తుమ్మినవాళ్లూ ఇందులో ఉండొచ్చు. కాబట్టి ఆ సంఖ్యను సగానికి సగం తగ్గించుకుందాం, ఇంకా సగం చేద్దాం. అప్పుడైనా నలభైమంది కూర్చున్న ఏసీ బస్సులో ముగ్గురు మిగులుతారు.

ఏసీ బస్సు అన్న మాట ఊరికే అనలేదు. మన అత్తరు, పన్నీరు, సాంబ్రాణి ఈనాటివి కావు. మారింది గాలి, మారింది మోతాదు. 1868లో విలియమ్ పెర్కిన్ కూమరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక, రెండు దశాబ్దాల్లోనే వెనిల్లిన్, కృత్రిమ కస్తూరి వచ్చాయి. సంపన్నులకే దక్కే పరిమళం ఫినాయిల్ సీసాలోకీ, గిన్నెల సబ్బులోకీ చేరింది. ఇప్పుడు బట్టలకు వాడే ఫాబ్రిక్ కండిషనర్లలో సువాసనను కంటికి కనిపించని గుళికల్లో నింపి కలుపుతున్నారు. ఉతికి ఆరేసిన చొక్కా తొడుక్కుని చెయ్యి కదిపినప్పుడల్లా కొన్ని గుళికలు చిట్లుతాయి, వారం తర్వాతా చిట్లుతూనే ఉంటాయి. వాకిలీ పెరడూ తెరిచి ఉండే ఇంట్లో పొద్దున వెలిగించిన అగరుబత్తి వాసన గాలితో పాటు పోయేది. అద్దాలు బిగించిన క్యాబులో డాష్‌బోర్డు మీది జెల్ డబ్బా ఎండకు వేడెక్కి, పొద్దున్నుంచి రాత్రిదాకా ఆవిరి వదులుతూనే ఉంటుంది. దీనికి తోడు మన ముక్కు స్వభావం ఒకటుంది. ఒకే వాసనను వరసగా పీలిస్తే కాసేపటికే అది తెలియకుండా పోతుంది. సెంటు కొట్టుకున్నవాళ్లు వాసన తగ్గిందనుకుని మరో రెండుసార్లు కొట్టుకుంటారు. అది ఎంత ఉందో తెలియనిది వాళ్లొక్కరికే.

కృత్రిమమైనదే చెడ్డది, సహజమైతే మంచిదే అన్న వాదనతో మాత్రం నేను ఏకీభవించను. లినలూల్ తులసిలోనూ ఉంది, లిమొనీన్ నిమ్మతొక్కలోనూ ఉంది. చర్మానికి తీవ్రమైన అలర్జీ తెప్పిస్తాయని ఐరోపా నిషేధించిన పదార్థాల్లో అట్రనాల్ ఒకటి, అది ఓక్ చెట్ల మీద సహజంగా పెరిగే, నాచులా కనిపించే ఒక లైకెన్ నుంచి వచ్చేదే. మూసిన గదిలో మల్లెమాల కూడా మైగ్రేన్ ఉన్నవాళ్లకు నరకం కావచ్చు. అగరుబత్తి విషయంలో వాసనకు పొగ కూడా తోడవుతుంది. గ్రాము అగరుబత్తి కాలితే సుమారు 45 మిల్లీగ్రాముల సన్నని ధూళి, గ్రాము సిగరెట్టుకు సుమారు 10 అని తరచూ ఉదహరించే ఒక కొలత ఉంది. దీపం పెట్టొద్దనీ, ధూపం వేయొద్దనీ ఎవరూ అనడం లేదు. కిటికీ తెరిచి ఒకటి వెలిగిస్తే దేవుడు కాదనడు, పక్కగదిలో ఇన్‌హేలర్ పట్టుకున్న మనిషికి ఊపిరి దక్కుతుంది.

పడనివాళ్లు తమ జాగ్రత్త తాము తీసుకోవచ్చు కదా అన్నది మరో మాట. తీసుకుంటూనే ఉన్నారు. దుకాణంలో ప్రతి సీసానూ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదువుతారు. అక్కడ ‘పర్‌ఫ్యూమ్’ అనో ‘ఫ్రాగ్రెన్స్’ అనో ఒక్క ముక్క ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. ఐరోపా సమాఖ్య 2003లోనే ఒక నిబంధన తెచ్చింది. అలర్జీ తెప్పించే 26 సుగంధ పదార్థాల్లో ఏది ఉన్నా, ఒంటికి రాసుకుని వదిలేసే వాటిలో 0.001 శాతం, కడిగేసుకునే వాటిలో 0.01 శాతం దాటితే దాని పేరు చెప్పి తీరాలి. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. లిలియల్ అనే పదార్థాన్ని 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించారు. పేరు తెలిస్తేనే కదా దూరంగా ఉండేది! ఇంకో మోసం ‘అన్‌సెంటెడ్’ అన్న మాటలో ఉంది. దాని అర్థం వాసన తెలియదు అనే. ముడిసరుకు కంపును కప్పడానికి వేరే సుగంధం కలిపి కూడా ఆ మాట రాయొచ్చు. అసలేమీ కలపనిది కావాలంటే ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని వెతకాలి. ఇలా ఇల్లంతా శుభ్రం చేసుకున్నాక కూడా ఆఫీసు ఉంటుంది, ఆస్పత్రి వరండా ఉంటుంది, మేనకోడలి పెళ్లి ఉంటుంది. పెళ్లికి వెళితే తలనొప్పి, వెళ్లకపోతే ‘మీకు మేమంటే గిట్టదు వదినా’ అన్న నిష్ఠూరం. ఈ బాధలో కంటికి కనిపించని భాగం ఇదే. పడనివాళ్లు మెల్లగా మనుషులకే దూరమవుతారు.

మా ఒంటి మీద మేమేం పూసుకుంటామో చెప్పడానికి మీరెవరు అన్న ప్రశ్న సబబైనదే. సెంటు ఒంటి మీదే ఆగితే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండదు. సెంటు పని ఒంటిని దాటి వెళ్లడమే. ఎండల దేశంలో సెంటు లేకపోతే చెమట కంపు మాటేమిటంటారు. కంపు చెమటది కాదు, దాన్ని తిని బతికే బాక్టీరియాది. దానికి స్నానమూ ఉతికిన బట్టా చాలు. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో 1990ల నుంచే ఆస్పత్రులు, విద్యాసంస్థలు సువాసనలు పూసుకురావద్దని కోరుతున్నాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో సహోద్యోగి సెంటు వల్ల పనిచేయలేకపోతున్నానని ఒక నగర ఉద్యోగిని కోర్టుకెక్కితే, 2010లో ఆమెకు లక్ష డాలర్లు ఇచ్చి రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. మనకు కోర్టుల దాకా అక్కర్లేదు. నాకు నచ్చింది జపాన్ పద్ధతి. అక్కడ కాలుష్యాన్ని ‘కోగాయ్’ అంటారు. అదే ఉచ్చారణతో, మొదటి అక్షరం మాత్రం పరిమళం అనే అర్థమిచ్చేదిగా మార్చి రాసి, సువాసనల బాధకు జనం ఒక పేరు పెట్టుకున్నారు. 2021లో ప్రభుత్వ శాఖలు కలిసి పోస్టర్లు వేశాయి. మీ వాసనతో ఎవరైనా ఇబ్బంది పడుతుండొచ్చు, గమనించండి అని కోరడమే తప్ప వాటిలో బెదిరింపు లేదు.

మన అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, బ్యాంకుల్లో, క్లినిక్కుల్లో గోడకు పైమూలన ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా బిగించి ఉంటుంది. ఎవరున్నా లేకున్నా కొన్ని నిమిషాలకోసారి బుస్సుమంటుంది. దాని కిందే తల వంచుకుని ఆరు అంతస్తులు ఎక్కలేక, మెట్ల మీద మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి వెళ్లే పెద్దావిడ ఒకరు ఏ కాంప్లెక్సులోనైనా ఉండొచ్చు. నెలవారీ మీటింగులో ఎవరైనా లేచి ‘ఆ లిఫ్టులో వాసన మా అత్తగారికి పడట్లేదండీ’ అన్నారనుకోండి. చర్చ పెట్టక్కర్లేదు, ఓట్లు వేయక్కర్లేదు. వాచ్‌మన్‌ను ఒక స్టూలు తెమ్మని, డబ్బా మూత తీయించి, లోపలి బ్యాటరీలు బయటికి తీయిస్తే సరిపోతుంది.