హాప్ పూవు: చేదు, పరిమళం

పేల్ ఏల్ వర్ణనలో కనిపించే 'హాపీ' అనే విశేషణాన్ని తెలుగులో 'చేదైన' అనడం సగమే సరైనది. 1972లో అమెరికాలో విడుదలైన కాస్కేడ్ హాప్ రకం చేదుకన్న పంపరపనసను తలపించే వాసనకే పేరుపొందింది. ఈ తేడా ఇంట్లో గింజల నుంచి ఏల్ కాచే క్రమంలో స్పష్టమవుతుంది.

తాటికల్లుకు నీరాలోనే చక్కెర సిద్ధంగా ఉంటుంది. బార్లీలో ఉన్నది పిండిపదార్థం. ఈస్టు దానిని నేరుగా పులియబెట్టలేదు. అందుకే గింజను మొలకెత్తించి, ఆరబెట్టి మాల్టుగా మారుస్తారు. నలగ్గొట్టిన మాల్టును సుమారు 66 డిగ్రీల సెల్సియస్ నీటిలో గంటసేపు ఉంచితే దానిలోని ఎంజైములు పిండిని చక్కెరలుగా విడగొడతాయి. వేడి బాగా మించితే ఎంజైములు చెడిపోతాయి. తరువాత చల్లార్చినా తిరిగి పనిచేయవు.

వడకట్టిన తియ్యని ద్రవాన్ని మరో గంట మరిగిస్తారు. మరుగు ఆరంభంలో వేసిన హాప్‌లోని ఆల్ఫా ఆమ్లాల అణునిర్మాణం మారి చేదు పుడుతుంది. సుగంధ తైలాలు మాత్రం చాలావరకు ఆవిరైపోతాయి. వాసన నిలవాలంటే అదే పూవును మంట ఆర్పే వేళ వేయాలి. చల్లార్చి, ఈస్టు కలిపి, 18-20 డిగ్రీలలో పులియబెట్టిన తరువాత మరికొంత వేస్తారు. అక్కడ మరుగు లేదు కనుక చేదు అంతగా పెరగదు, పరిమళమే దిగుతుంది. అయితే సీసాలో చిక్కిన గాలి ఆ పరిమళాన్ని కొద్ది వారాలలోనే తగ్గించివేస్తుంది.