ఢిల్లీ ఎఫ్.ఎం. ప్రసారములు: ఒక తరంగము, మూడు పేర్లు

ఢిల్లీ నగరమున 104.8 మెగాహెర్ట్జ్ తరంగముపై 2007లో ఒక రేడియో కేంద్రము వెలసినది. దాని పేరు ‘మియావ్’. పిల్లి కూతను పేరుగా పెట్టుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును గాని, అది తలపెట్టిన పని నవ్వులాట కాదు. స్త్రీలను ప్రధాన శ్రోతలుగా నెంచి, పాటకంటె మాటకు పెద్దపీట వేయుట దాని సంకల్పము. ఇండియా టుడే సంస్థకు చెందిన ఈ కేంద్రము 2010లో ‘ఓయే’ అను పేరుతో సినిమాపాటల కేంద్రముగా మారెను. మరికొన్నాళ్లకు ‘ఇష్క్’ అను పేరు ధరించి ప్రణయగీతముల పాలైనది. ఇట్లేల జరిగెనో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను.

ఢిల్లీ రేడియో కేంద్రము 1936 జనవరి 1వ తేదీన ప్రారంభమైనది. ప్రసారముల స్వరూపమును చిరకాలము ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖామాత్యులైన పిమ్మట ఆకాశవాణిలో సినిమాపాటలు దాదాపు మూగవోయెను. శ్రోతలు సిలోను రేడియో వైపు మళ్లిరి. వారిని మరలించుకొనుటకై 1957 అక్టోబరు 3న ‘వివిధభారతి’ వెలువడినది. శ్రోత అభిరుచి ముందు ప్రభుత్వము తలవంచిన మొదటి ఘట్టమిదియే యనవచ్చును.

ఎఫ్.ఎం. పద్ధతియందు తరంగముల ఎత్తును గాక పౌనఃపున్యమును మార్చుచు ధ్వనిని పంపుదురు. అందుచే ఉరుముల గరగరలు, విద్యుద్యంత్రముల రొద అంతగా సోకవు. సంగీతము స్వచ్ఛముగా వినవచ్చును. అయితే ఈ తరంగములు దిఙ్మండలమును దాటి ఎక్కువ దూరము పోజాలవు. కావున ఎఫ్.ఎం. స్వభావముచేతనే ఊరి రేడియో. మన దేశమున 1977లో మద్రాసున మొదలైన ఈ పద్ధతి ఢిల్లీలో 1993 నుండి క్రొత్త దారి పట్టెను. ఆకాశవాణి తన ప్రసారకాలమును ప్రైవేటు సంస్థలకు అద్దెకిచ్చెను. టైమ్స్ సంస్థవారి ‘టైమ్స్ ఎఫ్.ఎం.’ అట్లు పుట్టినదే. 1998లో ఆ ఒప్పందములు పొడిగింపబడక ముగిసినవి.

ఈ మధ్యకాలమున, 1995 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు వాయుతరంగములు ప్రజల ఆస్తియని తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి గారు ఉండిరి. ప్రభుత్వ గుత్తాధిపత్యము కూడదని చెప్పుచునే, ప్రసారములను ప్రైవేటు చేతులలో పెట్టుట వలన కూడ ప్రజాప్రయోజనమునకు హాని కలుగవచ్చునని వారు విడిగా హెచ్చరించిరి. దేశము మొదటి మాట విన్నంత శ్రద్ధగా రెండవ మాట వినలేదని నా యభిప్రాయము.

తరువాత తరంగములు వేలమునకు వచ్చెను. తొలి విడతలో లైసెన్సు రుసుము ఏటేటా 15 శాతము పెరుగునట్లు నిర్ణయింపబడినది. 2003లో ఢిల్లీలో 98.3పై మిర్చి, 91పై సిటీ, 93.5పై రెడ్ వినవచ్చుసరికి ఆ భారము నిర్వాహకుల మెడకు చుట్టుకొనియున్నది. అంత వెలపెట్టి తరంగమును కొన్నవారు ఎక్కువమంది వినునదే వినిపింతురు. అది హిందీ సినిమాపాట. కేంద్రములు పెరిగినవి గాని వైవిధ్యము ఆ మేర పెరుగలేదు. 2005లో రుసుమునకు బదులు ఆదాయములో వాటా విధించుటతో కొంత ఊపిరి ఆడినది. మియావ్ వంటి ప్రయోగము సాధ్యమైనది ఆ వెసులుబాటులోనే.

మాటల కేంద్రమును నడుపుట సులభము కాదు. పాట సిద్ధముగా దొరకును. మాటకు మనుషులు, ఆలోచన, ప్రతిదినము క్రొత్త విషయము కావలెను. పైగా ప్రైవేటు ఎఫ్.ఎం.లకు స్వంత వార్తలు ప్రసారము చేయు హక్కు లేదు. 2011 విధానము కూడ ఆకాశవాణి వార్తలను యథాతథముగా వినిపించుటకే అనుమతించెను. నగర స్త్రీలతో సంభాషింపదలచిన కేంద్రము, ఆ నగరమున ఆనాడు జరిగినదేమో తానుగా వార్తగా చెప్పరాదన్నమాట! మరియొకటి: 2010 ఆగస్టులో కాపీరైటు బోర్డు, పాటల ప్రతిఫలమును కేంద్రపు నికర ప్రకటనాదాయములో 2 శాతముగా నిర్ణయించెను. మియావ్ ఓయేగా మారినదియు ఆ సంవత్సరమే. ఒకటి రెండవదానికి కారణమని చెప్పను గాని, పాట చౌకయై మాట ఖరీదైనదిగానే మిగిలెను.

మాట పూర్తిగా నశింపలేదు, చోటు మారినది. 2006లో ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకు కూడ సాముదాయిక రేడియోను అనుమతించెను. 2009లో పొరుగుననున్న గుర్‌గాఁవ్‌లో 107.8పై ‘గుర్‌గాఁవ్ కీ ఆవాజ్’ మొదలైనది. అందు హర్యాణా జానపదులు పాడిరి. ఊరి పాతకాపులు, పొట్టచేతబట్టుకొని వచ్చిన వలసకూలీలు మాటాడిరి. ఇట్టి కేంద్రముల ప్రసారశక్తి స్వల్పము, ప్రకటనలపై వచ్చు ఆదాయము అంతకంటె స్వల్పము. జీతములకును యంత్రముల మరమ్మతులకును డబ్బు ఎక్కడనుండి తేవలెనను ప్రశ్న వానిని విడువక వెన్నాడుచునే యున్నది.