రాత్రి భోజనానికి సంగటి, నెత్తళ్ళ పులుసు



వారం మధ్యలో ఒక రాత్రి. కూలి పనికి పోయిన పెద్దవాళ్ళు చీకటి పడ్డాక ఇల్లు చేరారు. బస్సు దిగిన పిల్లలు పుస్తకాల సంచి మూలన పడేసి "అమ్మా, ఆకలి" అంటున్నారు. గంపలో నాలుగు వంకాయలు తప్ప ఇంకేమీ లేవు. మాంసం ఆదివారం మాట. ఇట్లాంటి రాత్రి కోసమే మన చిత్తూరు సీమ తల్లులు తరతరాలుగా చేసి పెట్టిన భోజనం ఒకటుంది. వేడి వేడి రాగి సంగటి, ఎండు నెత్తళ్ళ పులుసు. ముక్కాలు గంటలో అయిపోతుంది. ఇంటిల్లిపాదీ కడుపు నిండా తిని, చెమట తుడుచుకుంటూ హాయిగా నిద్రపోతారు.

మా ఇంట్లో ఈ వంట పదకొండేళ్ళు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ముందు చెప్పుకుంటాము.

పల్లె విడిచి తిరుపతిలో అద్దె ఇంట్లో చేరిన కొత్తలో అమ్మ మమ్ములను చూడవచ్చింది. సంతలో కొన్న నెత్తళ్ళను కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టుకొని తెచ్చింది. ఆ సాయంత్రం పులుసు ఉడుకుతుండగానే కింది వాటా నుండి కబురు వచ్చింది: "ఈ వాసన ఇంకొకసారి వస్తే వేరే ఇల్లు చూసుకోండి." ఆ మాట గట్టిగా కూడా అనలేదు. అందుకేనేమో ఎక్కువ గుచ్చుకున్నది. అమ్మ మిగిలిన నెత్తళ్ళను మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆ తరువాత ఎన్నిసార్లు వచ్చినా తేలేదు, అడగలేదు.

తరువాత మూడు ఇళ్ళు మారాము. ఆ ఇళ్ళలో ఎవరూ ఏమీ అనకపోయినా మేము వండలేదు. నిజం ఒప్పుకోవాలంటే, భయం పోయి దాని స్థానంలో సిగ్గు వచ్చి కూర్చున్నది. సంగటి, ఎండుచేపలు పల్లెటూరి తిండి, లేనివాళ్ళ తిండి అని మేమే అనుకోసాగాము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక మెట్ట పల్లెల్లో కూడా వరి అన్నం రోజువారీ భోజనమైంది. అది ఎందరి ఆకలి తీర్చిందో మేము చూసినవాళ్ళమే, దానిని తప్పు పట్టము. అయితే అన్నం తినేవాడు గొప్ప, సంగటి తినేవాడు తక్కువ అనే లెక్క మాత్రం మన మనసుల్లో మనం వేసుకున్నదే.

ఒక ఆదివారం గుడిలో అయ్యగారు యోహాను సువార్త 21వ అధ్యాయం చదివి వాక్యం చెప్పారు. రాత్రంతా వల లాగి ఒట్టి చేతులతో అలసిపోయిన శిష్యుల కొరకు ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి చేపను, రొట్టెను సిద్ధపరచిన సంగతి అది. ఆ చేప వాసన ఒడ్డంతా వచ్చి ఉంటుంది కదా అని మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అయినా ఇంటికి పోయి వండుకున్నది కోడికూరే!

అమ్మకు జ్వరం వచ్చి వారం రోజులు నోటికి ఏదీ సహించనప్పుడు, చివరికి ఆమే అడిగింది. "ఒక ముద్ద సంగటి, రవ్వంత నెత్తళ్ళ పులుసు." అప్పటికి మాకు సొంతంగా రెండు గదుల ఇల్లు ఉంది. కాదనేవారు లేరు. కాని చేతికి పని రాలేదు. సంగటి ఉండలు కట్టింది, మధ్యలో పచ్చిపిండి మిగిలింది. ఆ సట్టిని చూసి అమ్మ గోడ పట్టుకొని లేచి వచ్చి, పొయ్యి దగ్గర పీట వేయించుకుంది. ఆమె చెప్పగా మేము రెండవసారి చేసినదే ఇక్కడ రాస్తున్నాము.

అయిదుగురికి ఒక గ్లాసు నూకలు, రెండు గ్లాసుల రాగిపిండి, ఆరు గ్లాసుల నీళ్ళు. నూకలను ఆ నీళ్ళలో ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. నీళ్ళు ఇంకా మిగిలి ఉండగానే పిండిని మధ్యలో కుప్పగా పోయాలి. మేము చేసిన తప్పు ఇక్కడే. పోసిన వెంటనే కలిపేశాము. కలపకూడదు. కట్టెతో కుప్ప నడుమ ఒక గుంట చేసి, మూత పెట్టి, సన్నని మంట మీద పది నిమిషాలు వదలాలి. ఉడుకునీళ్ళు ఆ గుంటలో నుండి పైకి పొంగి పిండి తనంతట తానే ఉడుకుతుంది. అప్పుడు సట్టిని దించి, పాదాలతో గాని గుడ్డతో గాని గట్టిగా పట్టుకొని, కట్టెతో అంచుల నుండి నడిమికి కెలకాలి. పచ్చి వాసన పోయి, తడి చేతికి అంటుకోకుండా ఉంటే అయినట్లే. చేతులు నీళ్ళలో ముంచుకొని వేడి మీదనే ముద్దలు చేయాలి.

ఇక పులుసు. పాత చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. సూళ్ళూరుపేట, తడ వంటి తీరపు ప్రాంతాలు 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మనతో కలిశాయి. అంతకు ముందు మన పడమటి పల్లెల సంతలకు సముద్రపు చేప ఉప్పులో, ఎండలో ఎండి వచ్చేది. డబ్బాలో వేసి మూత బిగిస్తే నెలల తరబడి ఉండేది. నిలవ చేపతో అలసిన రాత్రిని గట్టెక్కించే ఉపాయం మనకొక్కరికే తెలిసినది కాదు. అమెరికా గృహిణులు డబ్బా టూనా చేపను, ఉడికిన నూడుల్స్‌ను చిక్కని పుట్టగొడుగుల సూపుతో కలిపి ఓవెన్‌లో కాల్చి పెడతారు. ఆ సూపును క్యాంప్‌బెల్ కంపెనీ 1934లో డబ్బాల్లో అమ్మకానికి తెచ్చింది. వారికి ఆ డబ్బాలు ఎట్లాగో, మనకు అటక మీది నెత్తళ్ళ డబ్బా అట్లాగు.

రెండు గుప్పిళ్ళ నెత్తళ్ళకు తలలు గిల్లి, ఒట్టి పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. తరువాత వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగాలి. చెనక్కాయ నూనెలో ఆవాలు, కాసిన్ని మెంతులు, కరివేపాకు, చితగ్గొట్టిన తెల్లగడ్డలు, ఎర్రగడ్డలు వేయించి, రెండు టమోటాలు మగ్గనివ్వాలి. వంకాయ ముక్కలు, పసుపు, కారం, ధనియాల పొడి వేసి, నిమ్మకాయంత చింతపండు రసం పోసి మరిగించాలి. ముక్క ఉడికిన తరువాతే నెత్తళ్ళు వేయాలి. మామిడికాయల కాలమైతే చింతపండు తగ్గించి రెండు పుల్లటి ముక్కలు వేయండి, ఆ రుచి వేరు. ఉప్పు మాత్రం అన్నిటికంటె చివర, రుచి చూశాకే. చేపలోనే ఉప్పుంది. రక్తపోటు ఉన్నవారు ఇంకా రెండు నీళ్ళు ఎక్కువ కడిగి, పులుసు తక్కువ పోసుకోవడం మంచిది.

నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లటి బియ్యంలో పదికి అటూ ఇటూ మాత్రమే. ముల్లుతో సహా తినే చిన్న చేప దానికి తోడు. అందుకే ఎదిగే ఆడపిల్లలకు, పాలిచ్చే తల్లులకు ఈ భోజనం తప్పక పెట్టండి. 2023లో మన రాష్ట్రంలో బడిపిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టినది కూడా ఇందుకే. షుగరు ఉన్నవారు సంగటి ఎంతైనా తినవచ్చునని కొందరు చెబుతుంటారు, అది పొరపాటు. అదీ పిండిపదార్థమే, ఒక ముద్దతో ఆపాలి.

ఆ రాత్రి ప్రార్థన చేసుకొని అందరం కింద కూర్చున్నాము. కిటికీ మూయబోతే అమ్మ "ఎందుకు, గాలి రానియ్యండి" అన్నది. పిల్లలు మొదట ముక్కు మూసుకున్నారు, తరువాత పులుసు మళ్ళీ పోయమన్నారు. అమ్మ సగం ముద్దే తినగలిగింది. తక్కిన సగాన్ని ఆమే ముంతలో నీళ్ళు పోసి వేసి మూత పెట్టింది. పొద్దున దానిని పిసికి, మజ్జిగ కలిపి, ఒక ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి మా చిన్నవాడు బడికి పోయాడు.