మతిమరపు వ్యాధియు మూలికలును

వార్ధక్యమున కొడవలి పెట్టినచోటు మరచుట వేరు; తన పొలమునకు త్రోవయే మరచుట వేరు. ఈ రెండవదానికి ముఖ్యకారణమగు మెదడు వ్యాధిని 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమరు వర్ణించెను. ఆతని పేరే దానికి నిలిచినది. దీనికి పుట్టగొడుగులును మూలికలును పనిచేయునని పలువురు చెప్పుచున్నారు. అందెంత నిజమో విచారింతము.

జపానులో జ్ఞాపకము స్వల్పముగా తగ్గిన 30 మందిలో కొందరికి, సింహపుజూలు అను పుట్టగొడుగు పొడి బిళ్లలను 16 వారములిచ్చి, 2009లో ఫలితములు ప్రకటించిరి. వాడినవారికి కొంత మేలు కనబడెను. మాన్పిన నాలుగు వారములకు తగ్గెను. కుండలో మొలచినంతమాత్రమున విత్తనము పొలమంతయు పండునని చెప్పగలమా? ఇదియు నట్టిదే.

అమెరికాలో 3,069 మంది వృద్ధులతో జింకో ఆకుసారమును పరీక్షించిరి. అది వ్యాధిని నివారింపలేదని 2008లో తేలెను. మనము పచ్చడి చేసికొను సరస్వతి ఆకు ఈ వ్యాధిని మాన్పునన్న రుజువును లేదు.

అట్లని మొక్కలన్నియు నిష్ఫలములు కావు. స్నోడ్రాప్ అను పూమొక్కలోనున్న గాలంటమిన్ 2001లో అమెరికాలో ఈ వ్యాధికి మందుగా అనుమతి పొందెను. అదియు లక్షణములను కొంతకాలము తగ్గించునే కాని వ్యాధిని కుదుర్చదు.

కావున సభ్యులారా! ధాన్యమమ్మిన సొమ్మును జ్ఞాపకచూర్ణములకు ధారపోయక, మొదట పెద్దలను వైద్యునికి చూపుడు. థైరాయిడు దోషమువలనను, బి12 విటమిను కొరతవలనను కలుగు మరపు చికిత్సచే తగ్గవచ్చును. మూలికలు వాడుచున్నచో ఆ సంగతి దాచకుడు. రక్తమును పలుచనచేయు మందులతో జింకో కలిసిన రక్తస్రావ భయము గలదు. గట్లపై మొలచిన పుట్టగొడుగులను మందని యేరి తినవలదని మా మనవి.