తెర మీద చాన్ ఎవరు?

పిల్లలూ! మీలో చాలామంది డిటెక్టివు కథలంటే చెవి కోసుకుంటారు. ఈసారి నేను చెప్పేది దొంగను పట్టుకున్న కథ కాదు. ఒక డిటెక్టివు వేషం ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో చెప్పే కథ.

పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి గదా! అక్కడి హోనొలులు నగరంలో చాంగ్ అపానా అనే చైనా జాతి పోలీసు ఉండేవాడు. 1898లో ఉద్యోగంలో చేరాడు. మనిషి పొట్టి, బక్కపలచన. అయినా తోలు కొరడా చేతపట్టి వచ్చాడంటే జూదరులు హడలిపోయేవారు.

1925లో ఎర్ల్ డెర్ బిగర్స్ అనే అమెరికా రచయిత తన నవలలో చార్లీ చాన్ అనే చైనా జాతి డిటెక్టివును ప్రవేశపెట్టాడు. అపానాయే ఆ చాన్ అని హోనొలులు జనం అనుకున్నారు. ఆ రోజుల్లో చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టకుండా 1882 నాటి చట్టం అడ్డుపడుతూ ఉండేది. కథల్లో చైనావాడంటే తరచు దుర్మార్గుడే. అటువంటప్పుడు తెలివిగల, నెమ్మదైన చైనా డిటెక్టివు రావడం కొత్త సంగతే.

1926లో ఆ నవల సినిమాగా వచ్చింది. చాన్ వేషం జపాను నటుడు జార్జి కువా వేశాడు. కాని అది చాలా చిన్న వేషం. 1931లో చాన్‌ను కథానాయకుణ్ణి చేశారు. అప్పుడు ఆ వేషం ఎవరికిచ్చారనుకున్నారు? స్వీడనులో పుట్టిన వార్నర్ ఓలండ్‌కు! 1938లో ఆయన చనిపోయాక సిడ్నీ టోలర్, తరవాత రోలండ్ వింటర్స్ వేశారు. వాళ్ళూ తెల్లవారే.

ఓలండ్ మంచి నటుడే. 1936లో ఆయన షాంఘై వెళితే జనం ఆదరంగా స్వాగతం చెప్పారు. ఆయన మీద మనకు కోపం అక్కరలేదు. చైనా నటుడికి ఆ అవకాశం ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

1935లో చాన్ పెద్దకొడుకు వేషానికి కీ ల్యూక్ అనే యువకుణ్ణి తీసుకున్నారు. ఇతను చైనాలో పుట్టి అమెరికాలో పెరిగినవాడు, చిత్రకారుడు కూడా. ఆ కొడుకు ఉత్సాహం పట్టలేక తొందరపడతాడు, పొరపడతాడు, తండ్రి సరిదిద్దుతాడు. తమాషా చూశారా? కొడుకు అసలు చైనావాడు, తండ్రి కాదు!

1940లో ‘ఫాంటమ్ ఆఫ్ చైనాటౌన్’ అనే సినిమాలో ల్యూక్ తానే డిటెక్టివు వాంగ్ అయ్యాడు. అంతకు ముందు 5 సినిమాల్లో ఆ వేషం ఇంగ్లీషు నటుడు బోరిస్ కార్లాఫ్ వేశాడు. పాపం, ల్యూక్ వేసిన ఆ ఒక్క సినిమాతో ఆ వరస ముగిసిపోయింది. 1972లో, తన 68వ ఏట, ఒక కార్టూను చిత్రాల వరసలో ల్యూక్ చార్లీ చాన్ అయ్యాడు. కొడుకు తండ్రి కావడానికి 37 ఏళ్ళు పట్టింది. అదీ గొంతుతో మాత్రమే!

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. నేను బడిలో పనిచేసే రోజుల్లో వార్షికోత్సవానికి నాటకం వేయించేవాణ్ణి. రాజు వేషం ఎప్పుడూ తెల్లగా, పొడుగ్గా ఉన్న కుర్రవాడికే ఇచ్చేవాణ్ణి. నల్లగా ఉండే పిల్లవాడొకడు వరసగా మూడేళ్ళు ద్వారపాలకుడే అయ్యాడు. మూడో ఏడు తెర వెనక వాడు రాజు మాటలన్నీ పొల్లు పోకుండా తనలో తాను చెప్పుకుంటూ ఉంటే విన్నాను. అప్పటికి వాడు మా బడి విడిచి వెళ్ళే వేళ అయింది.

మీరు ఈసారి సినిమా చూసినా, బడిలో నాటకం వేసినా, రాజు ఎవరో చూడండి. ద్వారపాలకుడు ఎవరో కూడా చూడండి. వాడికి రాజు మాటలు వచ్చునేమో, ఒకసారి అడిగి చూడండి.