ఎగిరే గద్దని ఫొటో తీయాలంటే వెంటపడకండి

"అన్నా, ఎగిరే గద్దని ఫోన్‌లో తీస్తే నల్లమచ్చే వస్తోంది, ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. ఈరోజు దాని సంగతి చూద్దాం.

ఆకాశం బాగా వెలుగుగా ఉంటుంది కదా. ఫోన్ ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని ఫొటో మొత్తాన్ని ముదురు చేసేస్తుంది. గద్ద కడుపు భాగం అసలే నీడలో ఉంటుంది, ఇంకేముంది, నల్లగా వస్తుంది. అందుకని ముందు దూరంగా ఉన్న చెట్టు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేయండి. తర్వాత ఫోన్‌ని ఆకాశం వైపు తిప్పి, ఈకలు కనిపించేదాకా వెలుగు పెంచండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/2000 పెట్టండి, రెక్క చెదరదు. జూమ్ మాత్రం మరీ లాగకండి.

రెండోది, ఎక్కడ నిలబడుతున్నాం అన్నది. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. గాలి మీ వీపుకి తగులుతుంటే, దాని ముఖం మీ వైపే ఉంటుంది. పొద్దున్నో సాయంత్రమో ఎండ కూడా వెనక నుంచి పడితే కళ్లు, రెక్కల అడుగు బాగా కనిపిస్తాయి.

ప్రాక్టీస్‌కి మన ఊళ్లో చేపల మార్కెట్ మీద తిరిగే మామూలు నల్ల గద్ద చాలు. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. అప్పుడది రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరుగుడుతో పాటే ఫోన్ తిప్పుతూ బర్స్ట్ కొట్టండి.

ఇక నేను చేసిన తప్పు చెప్తా. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాలకి చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి హారియర్లు వస్తాయి. ఇవి కూడా వేటాడే పక్షులే. కానీ రాత్రి చెట్ల మీద కాదు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. అది తెలీక, ఒక సాయంత్రం దగ్గరగా తీద్దామని గడ్డిలోకి నడిచా. అప్పుడే దిగినవి ఒక్కసారిగా లేచిపోయాయి. చీకటి పడేదాకా పైనే తిరిగాయి, దిగలేదు. అంత దూరం ఎగిరొచ్చిన వాటికి నిద్ర లేకుండా చేసింది నేనే. ఫోన్‌లో చూస్తే అన్నీ తోకలే!

మర్నాడు బయట దారి మీదే, గాలి వీపుకి పెట్టుకుని కూర్చున్నా. ఒకటి తనంతట తనే గడ్డి మీదుగా తేలుతూ నా వైపొచ్చింది. నా దగ్గరున్న మంచి ఫొటో అదొక్కటే.

అందుకే గూళ్ల దగ్గరికి వెళ్లకండి, మాంసం ముక్కలు విసిరి పిలవకండి. సరైన చోట కూర్చోండి, అదే వస్తుంది. ఉంటా మరి, మళ్లీ కలుద్దాం.