కుళాయి విప్పే ముందు ఒక మాట

తెల్లవారుజామున నాలుగున్నరకు పెద్దావిడ లేచి పంపు కింద బిందె పెట్టారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో ఒక చిన్న ఊరు, మా బంధువుల ఇల్లు. పంపులోంచి గాలి బుసకొట్టింది. ఆ చప్పుడు వినిపిస్తే పావుగంటలో నీళ్ళొస్తాయని ఆవిడ లెక్క. ఏళ్ళ తరబడి విని విని చెవికి పట్టిన లెక్క అది. ఆ రోజు తప్పింది. ఆరు దాటినా చుక్క రాలేదు. పక్కింటామె మోటారు కాలిందన్నారు, ఎదురింటాయన పైపు పగిలిందన్నారు. మర్నాడు సాయంత్రం, ఎవరూ ఎదురుచూడని వేళలో, నీళ్ళొచ్చాయి. మొదటి రెండు బిందెలూ మట్టిరంగు. ఆవిడ వాటిని పారబోసి మూడో బిందె పట్టుకున్నారు. అది తాగొచ్చా? చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు.

నీళ్ళు రాకపోవడం ఒక కష్టం. ఎందుకు రాలేదో, మళ్ళీ ఎప్పుడొస్తాయో, వచ్చినవి మంచివో కావో తెలియకపోవడం ఇంకో కష్టం. మొదటిది తీరాలంటే పథకం కావాలి, కోట్లు కావాలి, ఏళ్ళు పడతాయి. రెండోది తీరడానికి ఒక కాగితం, ఒక మైకు, చెప్పాలన్న బుద్ధి ఉంటే చాలు. అయినా రెండోదాన్ని మనం కష్టాల జాబితాలోనే వేసుకోం. చెప్పడం అనేది పని అయిపోయాక తీరిక ఉంటే చేసే మర్యాద అని అటు అధికారులూ అనుకుంటారు, ఇటు మనమూ అనుకుంటాం. అది తప్పు. చెప్పడం కూడా సరఫరాలో భాగమే. ఎందుకో వివరంగా చూద్దాం.

2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా, ఇక్కడివాళ్ళ నోట ఇప్పటికీ ఇది కృష్ణా జిల్లా మెట్టే. జగ్గయ్యపేట పక్కన పాలేరు, నందిగామ పక్కన మునేరు, దక్షిణాన ముక్త్యాల, వేదాద్రి దగ్గర కృష్ణమ్మ, పొలాలకు సాగర్ ఎడమ కాలువ. పేరుకు చుట్టూ నీళ్ళే. ఇంటి పంపు దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్ళు రోజుకు కొంతసేపే. ఆ "కొంతసేపు" అన్నచోటే అసలు ప్రమాదం పొంచి ఉంది.

పైపులో నీళ్ళు ఒత్తిడితో పారుతున్నంతసేపు, చిన్న పగులున్నా నీళ్ళు బయటికి కారతాయే తప్ప బయటి మురికి లోపలికి రాదు. వాల్వ్ కట్టేయగానే ఒత్తిడి పడిపోతుంది. పైపు ఖాళీ అవుతూ చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. మన వీధుల్లో పైపు వెళ్ళేది చాలాచోట్ల సైడు కాలువ పక్కనే, కొన్నిచోట్ల కాలువలోంచే. ఆ కాలువలో చెత్త అడ్డంపడి మురుగు నిలిచి ఉంటే, పగులు దగ్గర పైపు లాక్కునేది ఆ మురుగునే. దీనికి తోడు, నీళ్ళు ఎంతసేపు వస్తాయో తెలియక కొందరు పంపుకు నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు లాగే కొద్దీ పైపులోకి బయటి మురికి ఇంకా ఎక్కువ వస్తుంది. వేళ కచ్చితంగా తెలిస్తే ఆ ఆత్రం తగ్గుతుంది. అంటే నీళ్ళ వేళ చెప్పడం సౌకర్యం కోసం మాత్రమే కాదు, నీటి శుభ్రత కోసం కూడా. చెత్త బండి సంగతి, నీళ్ళ సంగతి వేరువేరు కావన్నదీ ఇక్కడే తెలుస్తుంది.

2024 జూన్‌లో జగ్గయ్యపేట పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ వాంతులు, విరేచనాలతో పదుల మంది ఆసుపత్రుల్లో చేరారు. అంతకు కాస్త ముందే విజయవాడ మొగల్రాజపురంలో అతిసారం వ్యాపించింది. అదే ఏడాది అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ప్రాణాలే పోయాయి. ఇలాంటి వార్తలన్నిటిలో వరస ఒకటే. ముందు మనుషులు మంచాన పడతారు, తర్వాత వైద్య శిబిరం, ఆ తర్వాత నీటి నమూనాలు, చివరికి ట్యాంకర్లు. నీళ్ళు బాగాలేవన్న సంగతి జనానికి తెలిసేది జనం కడుపుల ద్వారానే. ఈ వరస తిరగబడాలి. నమూనా ముందు, మాట వెంటనే, మనుషులు మంచాన పడకుండానే.

ఆ మాట ఆలస్యమైతే ఏమవుతుందో లోకానికి చూపిన ఊరు ఒకటుంది. కెనడాలోని ఒంటారియోలో వాకర్టన్. సుమారు 5,000 మంది ఉండే ఊరు. మన జగ్గయ్యపేటలో పదో వంతు. 2000 మే నెలలో జోరు వానలకు పశువుల పేడలోని సూక్ష్మజీవులు ఊరి బావి నీళ్ళలో కలిశాయి. క్లోరిన్ సరిగ్గా కలపలేదు. నీళ్ళలో దోషముందని ప్రయోగశాల నుంచి మే 17నే నివేదిక వచ్చింది. నీటి సరఫరా చూసే వాళ్ళు దాన్ని దాచిపెట్టి, ఆరోగ్యశాఖ అడిగినా నీళ్ళు బాగానే ఉన్నాయన్నారు. అనుమానం తీరని ఆరోగ్యశాఖ మే 21న తానే "కాచి తాగండి" అని ప్రకటించింది. ఏడుగురు చనిపోయారు, దాదాపు 2,300 మంది జబ్బుపడ్డారు. ఆ మాట మే 19నే చెప్పి ఉంటే 300 నుంచి 400 మంది జబ్బు పడకుండా బయటపడేవారని విచారణ సంఘం తేల్చింది. రెండు రోజుల మౌనానికి అంత ధర. ఆ విచారణలో తేలిన ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. ప్రకటన రేడియోలో వచ్చింది కానీ మొదటి రోజు అది ఊళ్ళో సగం మందికే తెలిసింది. ప్రకటించడం వేరు, చేరడం వేరు.

మన దగ్గర కూడా ప్రకటనలు లేకపోలేదు. గోడకు అంటించిన కాగితం మీద ఇలా ఉంటుంది: "సాంకేతిక కారణాల వల్ల మంచినీటి సరఫరాకు అంతరాయం కలుగును. కావున ప్రజలు సహకరించవలసిందిగా కోరడమైనది." రెండు వాక్యాలు. ఏ వీధికి? ఎన్ని గంటల వరకు? వచ్చాక ఏం చేయాలి? ఎవరిని అడగాలి? ఒక్కదానికీ జవాబు లేదు. అదే కాగితం మీద ఇలా రాయొచ్చు: "రేపు మంగళవారం పైపు మరమ్మతు. మెయిన్ రోడ్డుకు తూర్పు వైపు వీధులకు నీళ్ళు రావు. బుధవారం ఉదయం 6 గంటలకు వస్తాయి. మొదటి పది నిమిషాల నీళ్ళు పట్టుకోవద్దు. రెండు రోజులు కాచి చల్లార్చి తాగండి. సందేహం ఉంటే మీ సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శిని అడగండి." దీనికి అదనపు ఖర్చేమీ లేదు. రాసేవాళ్ళు ఒక్క క్షణం ఆ బిందె పట్టుకున్న మనిషి స్థానంలో నిలబడి ఆలోచిస్తే చాలు.

"కాచి తాగండి" అన్న మాటనూ తెలిసి వాడాలి. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు, నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. కిడ్నీ జబ్బులతో ఏళ్ళుగా వార్తల్లో ఉన్న ఎ.కొండూరు మండలం ఈ మెట్టలోనిదే. బోరు నీళ్ళ మీద బతికే తండాకు, మురుగు కలిసిన పట్టణపు వీధికి ఒకే సలహా పనికిరాదు. అందుకే పరీక్షలో ఏం తేలిందో అంకెలతో చెప్పాలి. జనానికి అంకెలు అర్థం కావనుకోవడం పొరపాటు. షుగరెంత, బీపీ ఎంత అని నోటికి చెప్పే ముసలమ్మలున్న ఊళ్ళివి. నాలుగు అంకెలు నేర్చుకోవడం వాళ్ళకో లెక్క కాదు. భారత ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలి క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదు. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కుళాయి దగ్గర క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి.

ఈ చివరిదాన్ని కళ్ళతో చూడొచ్చు. క్లోరోస్కోప్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. గాజుగొట్టంలో పంపు నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే నీళ్ళు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. రంగు మారలేదంటే ట్యాంకులో వేసిన బ్లీచింగ్ మీ పంపు దాకా రాలేదని అర్థం. ట్యాంకు దగ్గర చూసి సరిపెట్టకూడదు, లైను చివరి ఇంట్లో చూడాలి. రెండు నిమిషాల పని. వారానికొకసారి చివరి వీధి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళ ముందు ఈ పరీక్ష చేసి చూపిస్తే, ఏ కరపత్రమూ ఇవ్వలేని నమ్మకం కలుగుతుంది. జల్ జీవన్ మిషన్‌లో పల్లెకు ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్షలు నేర్పాలని పెట్టింది ఈ ఉద్దేశంతోనే. నేర్చుకున్న వాళ్ళు ఊళ్ళో ఉంటే వాళ్ళ చేత చేయించాలి, ఫలితం ట్యాంకు గోడ మీద రాయించాలి. ట్యాంకు కడిగిన తేదీ రాయడం చాలా ఊళ్ళలో అలవాటే, దాని కింద ఇంకో వరస చేరుతుంది.

ఇక చెత్త. పత్తి, మిరప పొలాలకు కూలికెళ్ళే ఆడవాళ్ళు తెల్లారకముందే ఆటోలెక్కుతారు. చెత్త బండి ఎనిమిదికి వస్తే తలుపుకు తాళం. సాయంత్రం వచ్చాక ఆ చెత్త సంచీ ఎక్కడికి పోతుంది? కాలవగట్టుకే. ఆ ఇంటావిడకు శుభ్రత తెలియదని తేల్చేయడం అన్యాయం. ఆవిడ వేళ బండికి తెలియదు, బండి వేళ ఆవిడకు తెలియదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్త ఇంట్లోనే వేరుచేయమన్నాయి. 2021 అక్టోబరులో మొదలైన 'క్లాప్' (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో మూడు రంగుల బుట్టలిచ్చారు, చెత్త పన్ను వేశారు, 2024లో ఆ పన్ను తీసేశారు. ఇంత జరిగినా మన వీధి తడిచెత్త ఎక్కడికి వెళ్ళి ఏమవుతోందో వీధివాళ్ళకు చెప్పినవాళ్ళు తక్కువ. వేరుచేసి ఇచ్చిన రెండు బుట్టలూ కళ్ళముందే ఒకే బండిలో ఒకే గుట్టగా పడితే, ఆ ఇల్లాలు రేపటి నుంచి వేరుచేయదు. పైవాళ్ళు ఏం చేస్తున్నారో కనిపిస్తేనే కింది వాళ్ళు తమ వంతు చేస్తారు. ఎరువు తయారయ్యే చోటికి ఒకసారి బడిపిల్లలను తీసుకెళ్ళి చూపిస్తే ఆ సంగతి ప్రతి ఇంటికీ చేరుతుంది.

ఫోన్లున్నాయి కదా అంటారు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ సేవలు తెచ్చింది, మంచిదే. అయితే ఫోను కబురుకు మూలం ఒక మనిషి అని మరవకూడదు. కర్ణాటకలోని హుబ్బళ్ళిలో నెక్స్ట్‌డ్రాప్ అనే సంస్థ ఇలాంటి పని మొదలుపెట్టింది. వాల్వ్ తిప్పే వ్యక్తి ఫోన్లో కబురు పెడితే ఆ వీధి ఇళ్ళకు "నీళ్ళొస్తున్నాయి" అని సందేశం వెళ్ళేది. తర్వాత దాన్నే బెంగళూరులో పెట్టారు. పరిశోధకులు వెళ్ళి చూస్తే, వాల్వ్ తిప్పేవాళ్ళు సక్రమంగా కబురు పెట్టనిచోట ఆ సందేశాలు ఇళ్ళకు పెద్దగా అక్కరకు రాలేదు. వాళ్ళను తప్పుబట్టి లాభం లేదు. చాలీచాలని జీతం, పొద్దున్నే పదుల వాల్వులు, దారిలో నిలదీసే జనం. కబురు చెప్పడాన్ని వాళ్ళ పనిలో భాగంగా గుర్తించి, దానికి తగిన సమయమూ గౌరవమూ ఇవ్వాలి. మన ఊళ్ళలో నీళ్ళ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు వాల్వ్ తిప్పే మనిషి, చెత్త గురించి పారిశుద్ధ్య మేస్త్రీ. వాళ్ళ నోటిమాట ఊరి నోటీసుబోర్డు మీదికి రావాలి.

వరదల్లో ఇలా కబురు చెప్పడం మరీ అవసరం. 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు రహదారి మునిగింది. 2024 సెప్టెంబరులో మళ్ళీ పొంగింది. కరెంటు పోయి ఫోన్లు మూగబోయిన రోజుల్లో ఇంటింటికీ వినిపించేది బడి మీదనో గుడి మీదనో ఉన్న మైకే. అది పనిచేస్తోందో లేదో వానాకాలానికి ముందే చూసుకోవాలి.

వెనకటికి మన పల్లెల్లో టముకు వేసేవారు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అంటే ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి వినేవారు. ఆ టముకు మన చట్టంలోనూ ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకముందే తన వివరాలు ప్రజలకు చెప్పాలంటుంది. స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో చెప్పాలంటుంది. నోటీసుబోర్డు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు అని మార్గాలు కూడా పేరుపెట్టి చెప్పింది. అమెరికాలో ఉంటున్న మన పిల్లలను అడిగి చూడండి. 1996లో అక్కడి తాగునీటి చట్టానికి చేసిన సవరణ వల్ల, ఊరి నీటి సరఫరా సంస్థ ఏటా నీటి నాణ్యత నివేదికను వాడకందారులకు అందజేయాలి. అంత పెద్ద నివేదిక మనకు వెంటనే అక్కర్లేదు. నెలకొక అరపేజీ చాలు.

మీరు జగ్గయ్యపేట వార్డులో ఉన్నా, నందిగామ శివారులో ఉన్నా, పక్క పల్లెలో ఉన్నా, ఈ వారం ఒకసారి మీ సచివాలయానికి వెళ్ళి మూడు సంగతులు అడగండి. మా వీధికి నీళ్ళు ఏ వేళకు, చెత్త బండి ఏ వేళకు? ట్యాంకు ఎప్పుడు కడిగారు, లైను చివర క్లోరిన్ ఎంత ఉంది? కిందటి నీటి పరీక్షలో ఏం తేలింది? ఒక్కరే కాదు, వీధిలో మరో ఇద్దరిని వెంటపెట్టుకుని వెళ్ళండి. జవాబిస్తే అది గోడ మీద రాయమని కోరండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఆ అర్జీకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మిగతా చోట్ల 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సంగతైతే 48 గంటల్లో ఇవ్వాలి.